మోత ఆగాక చెయ్యెత్తండి

ఆదిబాబుకి కోపం ముక్కు మీద ఉంటుందని టాటానగర్‌లో భాలుబాసా పేట తెలుగువాళ్ళు అంటారు. ముక్కు మీద ఉంటే బాగానే ఉండును, ఒక తుమ్ముతో పోయేది. అతని కోపం చేతుల్లో ఉంటుంది. అందుకే ఆ ఆదివారం సాయంత్రం తెలుగు సంఘం గదిలో ప్రాక్టీసు మొదలై రెండు పాటలైనా కాకముందే డ్రమ్ము కర్రలు రెండూ ఎగిరి ఎదుటి గోడకి కొట్టుకున్నాయి. ఒకటి హార్మోనియం వాయించే ఆయన భుజం పక్కనుంచి పోయింది. ఆయన పెట్టె కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

“నాబు మీద సెయ్యి ఎవుడేసేడు?” అన్నాడు ఆదిబాబు.

“నానే ఏసేను” అన్నాడు సీతారాం, మిక్సరు ముందు కూర్చున్నచోటి నుంచి కదలకుండా. ఆ ఆర్కెస్ట్రా సీతారాందే. బారిడీహ్‌లో అతనికి మైకుసెట్ల దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకీ పూజలకీ మైకు కట్టి కట్టి, ఏ మూల ఏ శబ్దం ఎలా పలుకుతుందో అతనికి అలవాటైపోయింది.

“ఎందుకు తగ్గించీసేవు?”

“తగ్గించక ఏటి సెయ్యమంటావు? ఒక దెబ్బ మోత తీరకముందే ఇంకో దెబ్బ. మోత మీద మోత పడి అంబలయిపోతన్నాది. అందులో మీ ఆవిడ పాట ఎక్కడున్నాదో ఎతుక్కోవాల.”

“అంబలి నీ బుర్రలో ఉన్నాది. నాకు మోతే ఇనపడ్డం నేదు. ఎండిపోయిన రొట్టె మీద కొట్టినట్టున్నాది.”

తగువంతా ఒక చిన్న నల్ల పెట్టె గురించి. విశ్వకర్మ పూజ వస్తోందని, గమ్హరియాలోని ఫోర్జింగ్ కంపెనీవాళ్ళు తమ తెలుగు కూలీలు వాయించే ఈ ఆర్కెస్ట్రాకి కలకత్తా నుంచి ఎలక్ట్రానిక్ డ్రమ్ సెట్టు తెప్పించి ఇచ్చారు. ఎనభై ఏడో సంవత్సరంలో ఆ ఊరి తెలుగువాళ్ళెవరూ అలాంటిది కళ్ళతో చూడలేదు. తోలు లేదు, డొల్ల లేదు. ఇనుప స్టాండుకి ఆరు పలకల రబ్బరు బిళ్ళలు బిగించి ఉంటాయి. వాటి మీద కొడితే చాప దులిపినట్టు టప్పుమంటుంది, అంతే. అసలు శబ్దం తీగల్లోంచి పోయి స్పీకర్లోంచి వస్తుంది. ఆ దారిలో ఉంటుంది ఈ నల్ల పెట్టె. రివర్బు అంటారు దాన్ని. దాని మీది నాబు, అంటే తిప్పే మర, ఎడమకి తిప్పి ఉంచితే ఇరుకు గదిలో కొట్టినట్టు దెబ్బ అక్కడికక్కడే చచ్చిపోతుంది. నడిమికి తెస్తే పెళ్ళి మండపంలో కొట్టినట్టుంటుంది. కుడికి పూర్తిగా తిప్పితే కొండ బిలంలో కొట్టినట్టు, దెబ్బ అయిపోయినా మోత సన్నబడుతూ సన్నబడుతూ ఎక్కడికో పోతూ ఉంటుంది.

ఆ పెట్టె అంటే ఆదిబాబుకి ప్రాణం. మొదటిరోజు నాబు కుడికి తిప్పి ఒక్క దెబ్బ కొట్టినప్పుడు, తన చెయ్యి గదంత పెద్దదైనట్టు అనిపించింది. అప్పటినుంచీ నాబు కుడికే తిప్పుతాడు. సీతారాం ఎడమకి తిప్పుతాడు. నెలరోజులుగా ఇదే భాగవతం.

“ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, మిక్సరు సేతకాక నా మోత మీద పడ్డావు నువ్వు” అన్నాడు ఆదిబాబు.

సీతారాంకీ ఉప్పూకారం ఉన్నాయి. లేచి నిలబడ్డాడు. “ఇను ఆదిబాబూ. పూజనాడు నాబు నా సేతిలో ఉంటాది. నీకు నచ్చకపోతే సెప్పు, టాటానగర్ రైల్వే కాలనీ నుంచి జగ్గారావుని తెచ్చి ఆ స్టూలు మీద కూకోబెడతాను. ఆడు నాబు ముట్టుకోడు.”

ఆ మాటకి ఆదిబాబు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అసలు దెబ్బ ఇంకా పడలేదు. మైకు ముందు నిలబడి ఉన్న పద్మకుమారి, అంటే ఆదిబాబు మేనమామ కూతురూ, పెళ్ళామూ, ఆ ఆర్కెస్ట్రాకి ఉన్న ఒకే ఒక్క గాయనీ, చీర కొంగు నడుములో దోపుకుని అందరూ వినేలా అంది.

“నాబు బావ సేతిలో ఉంటే నాను పాడను. ఇదే ఆఖరు.”

 ఇక లెక్క తేలిపోయింది. పూజనాడు నాబు కుడికి ఉంటే పద్మ పాట ఉండదు, ఎడమకి ఉంటే ఆదిబాబు వాయింపు ఉండదు. ఇద్దరిలో ఒకరే ఆ స్టేజీ ఎక్కుతారు.

ఇంటికి నడిచి వచ్చేదారంతా అతను నాలుగడుగులు ముందే నడిచాడు. వెనకనుంచి ఆమె ఏదో అంది. అతను తిరగలేదు. మళ్ళీ అంది. పలకలేదు. కోపంతో పలకలేదనుకుంది ఆమె. గుమ్మంలోకి వచ్చాక, “ఇందాకటినుంచి పిలుత్తన్నాను, అగ్గిపెట్టె కొనమని” అంది.

“గొణిగితే ఎవుడికి ఇనపడతాది? నోరు తెరిసి మాటాడు.”

ఈమధ్య అతని కంటికి అందరూ గొణిగేవాళ్ళే. తల్లి అసిరమ్మ గొణుగుతుంది, కిరాణాకొట్టు మార్వాడీ గొణుగుతాడు, రేడియోలో వార్తలు చదివేవాడు గొణుగుతాడు. రేడియో గొంతు పెంచితే పక్కింటి ఒరియావాళ్ళు గోడ కొడతారు. లోకమంతా ఒక్కసారిగా మాట సరిగా పలకడం మానేసిందని అతని ఫిర్యాదు. లోకానికేం పనిలేదా అని అడిగినవాడు లేడు.

“బావా, నీకు నా పాట ఎందుకు పడదు?” అంది పద్మ, అన్నం వడ్డిస్తూ.

“పాటుంటే కదా పడ్డానికి. నీ గొంతు పోనాది. ఏడాదిబట్టి సెప్తన్నాను. పెళ్ళికి ముందు నువ్వు పై స్థాయికెళ్తే గాజు గీసినట్టుండేది. ఇప్పుడు దుప్పటి కప్పుకుని పాడతన్నట్టున్నాది. ఆ పోయిన గొంతుని మోతయినా కాపాడతాదని నాను సూత్తంటే, నలుగురిలో నా పరువు తీసేవు.”

ఆమె గరిటె గిన్నెలో పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడాదిగా ఆమె ఆ మాట వింటోంది. అతనే కదా తన పాట విని పెళ్ళాడింది, అతనికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అని నమ్మింది. పొద్దున్నే మిరియాల పాలు తాగింది, పులుపు మానేసింది, పై స్థాయి పాటలు ఒక్కొక్కటే వదిలేసింది. మిగిలినవాళ్ళు బాగుందంటే మొహమాటానికి అంటున్నారనుకుంది. మొగుడి మాట వేదమనుకునే ఆడదాని గొంతు నొక్కడానికి వేరే తాడు అక్కర్లేదు.

గోడ పక్కన కూర్చుని ఆకు నములుతున్న అసిరమ్మ కొడుకు వైపు చూసి, “ఆ గుంటని ఏడిపించకురా, కోకిల్లాగ పాడతాది” అంది.

“ఏటి?” అన్నాడు ఆదిబాబు.

అసిరమ్మ మళ్ళీ చెప్పలేదు. కొడుక్కి ప్రతిదీ రెండేసిసార్లు చెప్పీ చెప్పీ ఆవిడకి విసుగు పుట్టింది.

ఆదిబాబుది ఆ గమ్హరియా కంపెనీలోనే, ఇనుము సాగగొట్టే ఫోర్జింగ్ షాపులో పెద్ద హేమరు. కొలిమిలోంచి ఎర్రగా కాలిన ఇనుప ముద్ద అచ్చు మీదికి వస్తే, అతను పిడి లాగుతాడు. పైనుంచి లారీ అంత బరువు దిగి ముద్దని అణుస్తుంది. అలా పొద్దస్తమానం. అతని తాళం అక్కడే తయారైంది. ముద్ద చల్లారకముందే దెబ్బ పడాలి, ఒక్క దెబ్బ తప్పితే వస్తువు పారేయాలి. అలాంటి చేతికి డ్రమ్ము ఒక లెక్కా?

ఆ షాపులో నోటిమాట అనేది ఉండదు. చెయ్యెత్తితే ఆపమని, అరచెయ్యి తిప్పితే ఇంకో దెబ్బ వెయ్యమని, పొట్ట రాసుకుంటే అన్నం వేళయిందని. ఏదైనా తగువొచ్చినా అంతే. ఓవర్‌టైము ఎవరు చెయ్యాలి, పండగ సెలవు ఎవరికి అనేది హేమరు ఆగకుండానే చేతులెత్తి తేల్చుకుంటారు. ఎక్కువ చేతులు ఎటుంటే అటు. మళ్ళీ దాని మీద ఎవరూ నోరు విప్పకూడదు, అది కట్టుబాటు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. చెవిలో దూది పెట్టుకున్నవాడు హేమరు మనిషి కాడు. కొత్తగా చేరినవాడెవడైనా దూది పెట్టుకొస్తే, “ఏటిరా, పురుడోసుకున్నావేటి?” అని రోజంతా ఆటపట్టిస్తారు. మర్నాటికి వాడు దూది పారేస్తాడు. కంపెనీ ఇవ్వదు, వీళ్ళు అడగరు. అడిగితే మగతనానికి లోటు.

అడిగినవాడొకడున్నాడు, తవిటయ్య. కిందటేడు చెవులు సరిగా వినపడటం లేదని కంపెనీ డాక్టరుకి చెప్పుకున్నాడు. డాక్టరు మంచివాడే, పాపం, మేనేజరు ఖన్నా సాబ్‌కి కబురు పెట్టాడు. ఖన్నా సాబ్ కూడా మంచివాడే, తవిటయ్యని పిలిచి కుర్చీ వేయించి, చాయ్ ఇప్పించి, సైరను వినపడని మనిషి షాపులో ఉండటం ప్రమాదమని నచ్చచెప్పి ఇంటికి పంపేశాడు. ఇప్పుడు తవిటయ్య గమ్హరియా స్టేషను బయట పకోడీలు వేస్తున్నాడు. ఎన్ని కావాలో వేళ్ళతో చూపించాలి. అప్పటినుంచీ ఆ షాపులో చెవి అనే మాట ఎవరి నోటా రాలేదు.

విశ్వకర్మ పూజనాడు మాత్రం హేమర్లు ఆగుతాయి. ఏడాదికి ఆ ఒక్కరోజే కంపెనీ గేటు ఆడవాళ్ళకీ పిల్లలకీ తెరుస్తారు. రేకుల షెడ్డంతా కడిగి, హేమర్లకి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. మొగుళ్ళు ఎక్కడ చస్తున్నారో పెళ్ళాలు ఆ రోజు చూస్తారు. చూసి, “అబ్బో, ఎంత పెద్దదో” అని ముక్కు మీద వేలేసుకుంటారు. అదెలా మోగుతుందో వాళ్ళకి తెలియదు, ఆ రోజు అది మోగదు గనక.

పూజయ్యాక మధ్యాహ్నం పూట షెడ్డు చివర కట్టిన స్టేజీ మీద ఆర్కెస్ట్రా. ఎడమవైపు జంపఖానాల మీద ఆడవాళ్ళూ పిల్లలూ, కుడివైపు మగవాళ్ళు. మగవాళ్ళకి ముందు వరసలో కుర్చీలు, నడిమి కుర్చీలో ఖన్నా సాబ్, తెల్ల చొక్కాలో, మెడలో దండతో. డ్రమ్ సెట్టులో పెద్ద బిళ్ళ మీద కంపెనీ పేరు ఎర్ర రంగుతో రాయించారు.

ఆదిబాబు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. లేవమన్నవాడి తల పగులుతుందని అతని మొహమే చెబుతోంది. జగ్గారావు వచ్చి చూసి, ప్రసాదం తీసుకుని, మర్యాదగా ఇంటిదారి పట్టాడు. సీతారాం ఏమీ అనలేకపోయాడు, ఖన్నా సాబ్ ముందు గొడవెందుకని. పద్మ కూడా వచ్చింది. మైకు ముందు నిలబడి మొగుడి వైపు చూడకుండా, “నాబు ఎక్కడున్నాది?” అని సీతారాంని అడిగింది. ఎడమకే ఉందని అతను చెయ్యి ఊపాడు. ఆమె పాట అందుకుంది.

మొదటి చరణం దాకా సాగింది. ఆదిబాబు కొడుతున్నాడు, ఏమీ వినపడటం లేదు. టప్, టప్. చాప దులుపుడు. తన చేతులు ఎవరో నరికేసినట్టు ఉడికిపోయాడు. రెండో చరణానికి ముందు వాయిద్యాలు మాత్రమే ఉండేచోట, ఎడమచేత్తో కొడుతూనే కుడిచెయ్యి చాచి పక్కనున్న పెట్టె మీది నాబు కుడికి చివరికంటా తిప్పేశాడు.

ఆ షెడ్డుకి అసలే సొంత మోత ఉంది. పైన రేకులు, కింద సిమెంటు, చుట్టూ ఇనుము. దానికి పెట్టె మోత తోడైంది. ఆడవాళ్ళవైపు పసిపిల్ల గుక్కపట్టింది. చాలామంది చెవులు మూసుకున్నారు. కుడివైపు మాత్రం హేమరు మనుషులు ఉత్సాహంగా లేచారు. “అదీ! బఢావో ఆదిబాబూ, ఇంకా పెంచు!” అని అరిచాడు వరహాలు. రెండో హేమరు వరహాలుది.

పద్మ పాట ఆపేసింది. మైకు మీద చెయ్యి పెట్టి, “తగ్గించు” అంది.

“తగ్గించను.”

“నా పాట సచ్చిపోతన్నాది.”

“నీ పాట ఎప్పుడో సచ్చిపోనాది!”

ఆ మాట మైకులోంచి షెడ్డంతా పోయింది. మూయకుండా మిగిలిన ఇంకో మైకు అతని పక్కనే ఉంది మరి. పద్మ మొహం నల్లబడింది. ఆడవాళ్ళలో గుసగుస. సీతారాం లేచి వచ్చాడు, నాబు మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆదిబాబు ఆ చెయ్యి విసిరికొట్టి మైకు అందుకున్నాడు.

కోపంలో మనిషికి తెలివి రెండింతలవుతుందంటారు, నిజమో అబద్ధమో. అతనికి ఆ క్షణంలో వచ్చిన ఆలోచన మాత్రం షాపు మనిషికి తప్ప ఇంకెవరికీ రాదు.

“అందరూ ఇనండి” అన్నాడు. “ఈ నాబులో మోత ఉన్నాదని ఈళ్ళు, నేదని నాను. అంబలి సేసీసేనంట. సెవిటోడి ముందు శంఖం ఊదినట్టు ఎన్నాళ్ళని సెప్పను? మన షాపు పద్ధతిలో తేల్సేద్దాం. నాను ఒక్క దెబ్బ కొడతాను. మోత ఆగినాక సెయ్యెత్తండి. ఆగకముందు ఎత్తకండి. అది ఎంత బేగి ఆగిపోతాదో ఈ మిక్సరు మేస్త్రీ సూత్తాడు.”

తర్వాత అదే హిందీలో ఖన్నా సాబ్‌కి చెప్పాడు. ఖన్నా సాబ్‌కి సరదా వేసింది. “క్యోఁ నహీఁ, క్యోఁ నహీఁ” అన్నాడు, కానివ్వమన్నట్టు. షెడ్డంతా నిశ్శబ్దమైంది. పసిపిల్లకి తల్లి పాలిచ్చింది.

ఆదిబాబు కర్ర ఎత్తి కొట్టాడు.

దెబ్బ రేకులకి తగిలి తిరిగింది. మోత నిండుగా వచ్చి, పలచబడి, ఇంకా పలచబడి, ఆగిపోయింది. ఆదిబాబు చెయ్యెత్తాడు. కుడివైపు వరహాలు చెయ్యి లేచింది, అతని వెనక హేమరు మనుషుల చేతులన్నీ ఒక్కటొక్కటిగా లేచాయి. నెరిసిన జుట్టువాళ్ళు ఇంకాస్త ముందే ఎత్తారు. ఆదిబాబు గుండె పొంగింది. “సూసేవా?” అనబోయాడు పద్మ వైపు తిరిగి.

ఆడవాళ్ళ ముందు వరసలోని అసిరమ్మ నోటి మీద వేలేసుకుని, మాట్లాడొద్దన్నట్టు కొడుకుని ఉరిమి చూసింది.

ఎడమవైపు ఒక్క చెయ్యి లేవలేదు. ఆడవాళ్ళంతా తలలు కాస్త పైకెత్తి, రేకుల కింద పావురాన్ని చూస్తున్నట్టు చూస్తున్నారు. పిల్లలు నోళ్ళు తెరిచి వింటున్నారు. పద్మ కళ్ళు మూసుకుని ఉంది, చేతులు కిందకే ఉన్నాయి. సీతారాం కూడా వింటున్నాడు. మనిషి లేచి చెప్పులు తొడుక్కునేంత సేపు గడిచింది. ఏమిటి వింటున్నారు వీళ్ళు? ఏముంది అక్కడ?

అప్పుడు పద్మ చెయ్యి లేచింది. ఆమెతోపాటు సీతారాంది, ఆడవాళ్ళందరివీ. కుర్చీలో ఖన్నా సాబ్ చెయ్యి కూడా అప్పుడే లేచింది.

ఆదిబాబు ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు. షెడ్డు నడుమ గీత గీసినట్టుంది. ఆ పక్క విన్నవాళ్ళు, ఈ పక్క విననివాళ్ళు. ఈ పక్క ఉండి విన్నవాడు ఒక్క ఖన్నా సాబ్.

అతనికి అర్థమైంది.  లోకం గొణగటం లేదు. మార్వాడీ గొణగటం లేదు, అమ్మ గొణగటం లేదు. దుప్పటి ఆమె గొంతు మీద లేదు. ఏడాదిపాటు బంగారంలాంటి గొంతుని పట్టుకుని పోయింది పోయింది అని తిట్టాడు. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

పద్మకీ అర్థమైంది. మైకు పక్కకి జరిపి దగ్గరికొచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి, కానీ అవి జాలివని అతను అనుకోలేదు.

“ఏడాదిబట్టి నా గొంతు పోనాదన్నావు కదా బావా. నాను నమ్మీసేను. నిజంగా పోనాదనుకున్నాను.”

“పోనేదే. నీది పోనేదు” అన్నాడు.

కుడివైపు కలకలం మొదలైంది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. వరహాలు లేచి నవ్వు పులుముకుని గట్టిగా అన్నాడు, “పెట్టెలో ఏటో గడ్‌బడ్ ఉన్నాది ఆదిబాబూ! మా పక్క స్పీకరు పనిసెయ్యడం నేదు. ఇంకోపాలి కొట్టు!”

కొట్టాడు. ఈసారి హేమరు మనుషులెవరూ స్టేజీ వైపు చూడలేదు, పైకప్పు వైపు చూడలేదు. మెడలు వాల్చి ఓరగా ఎడమవైపు చూస్తూ కూర్చున్నారు. తమ తమ పెళ్ళాల చేతులు చూస్తున్నారు. ఆ చేతులు లేచాక, ఒక్క రెప్పపాటు ఆలస్యంగా, కుడివైపు చేతులన్నీ కట్ట కట్టినట్టు ఒక్కసారే లేచాయి.

“వాహ్!” అన్నాడు ఖన్నా సాబ్, చప్పట్లు కొట్టి. “సబ్ బరాబర్! అబ్ గానా హో జాయే.” ఇక పాట కానివ్వమని స్టేజీ వైపు చెయ్యి ఊపాడు.

వరహాలు అక్కడినుంచే ఆదిబాబు కళ్ళలోకి చూశాడు. చూసి, అరచెయ్యి పొట్ట మీద పెట్టి రాసుకున్నాడు. షాపులో అది అన్నం సైగ. ఇప్పుడది వేడుకోలు. తవిటయ్య పేరు ఎవరూ ఎత్తలేదు, అందరి మొహాల్లోనూ ఉంది. ఆదిబాబుకి వాళ్ళ మీద ఎక్కడలేని కోపం వచ్చింది. చెవులు పోయినందుక్కాదు. పోయినవాటిని దొంగసొత్తులా దాచుకుంటున్నందుకు. దోచుకున్నవాడు దండ వేసుకుని కూర్చుంటే, దోపిడీ అయినవాళ్ళు తలలు వంచుకున్నందుకు.

సీతారాం అతని చెవి దగ్గరికొచ్చి, అంత దగ్గరగా వచ్చాడు కాబట్టి వినపడింది, “వాయించీ బాబూ. నాబు నీ ఇట్టం. ఎంత కావాలంటే అంత తిప్పుకో” అన్నాడు. నెలరోజులు కొట్లాడినా ఇవ్వనిది ఇప్పుడు అడక్కుండానే చేతిలో పెట్టాడు. సీతారాం గొంతులో మెత్తదనం పుండు మీద కారంలా తగిలింది.

“ఒగ్గీ బావా” అంది పద్మ కూడా, అతని చెయ్యి పట్టుకుని. ఆమె కోపం ఇంకా ఆరలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు. “సాబు సూత్తన్నాడు. ఇంటికెల్లి నన్నెంత తిట్టుకుంటావో తిట్టుకో. ఇక్కడొద్దు.”

“నిన్నెందుకు తిట్టాలి?” అన్నాడు ఆదిబాబు. “ఏడాదంతా తప్పుడు మనిషినే తిట్టేను.”

ఆమె చెయ్యి విడిపించుకుని స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. మైకులో, “ఆఖరుపాలి. అందరూ ఇనండి” అన్నాడు. ఖన్నా సాబ్ వైపు తిరిగి, “సాబ్, ఆప్ భీ. మీరు కూడా” అన్నాడు.

సీతారాం వద్దని చెయ్యి ఊపాడు. వరహాలు మొహం తిప్పుకున్నాడు.

ఆదిబాబు హేమరు దించినట్టు కర్ర దించాడు. మోత లేచి, షెడ్డంతా తిరిగి, పలచబడింది. కుడివైపు మెడలన్నీ ఎడమకి వాలాయి. అతను ఎవరి చేతులూ చూడలేదు. తనకి ఎక్కడ ఆగిపోయిందో అక్కడ, పిడికిలి బిగించిన చెయ్యి తల మీదికి నిటారుగా ఎత్తాడు. అంత పెద్ద షెడ్డులో అదొక్కటే లేచిన చెయ్యి. దించలేదు.

“నాకు ఆగిపోనాది. మేరా బంద్ హో గయా, సాబ్” అన్నాడు ముందు వరసలోని నడిమి కుర్చీ వైపు చూస్తూ. “ఆప్‌కా?”

ఖన్నా సాబ్ నవ్వు మొహం మీద నుంచి జారిపోయింది. ఆయన చెయ్యి ఇంకా ఒళ్ళోనే ఉంది.